కప్పలకూ ఒక ఎండాకాలం

రాగిణి ఎం.ఫిల్ చేసే రోజుల్లో నక్కలగుట్ట మీద తొలకరి పడితే, కప్పలను తొక్కకుండా నడవడం కష్టంగా ఉండేది. ఘట్‌కేసర్ దాటాక రోడ్డుకు దూరంగా ఉన్న చిన్న రాతిగుట్ట అది. వానాకాలంలో బండల మధ్య గుంటల్లో నీళ్లు నిలిచేవి. వెన్ను మీద పసుపు చార ఉన్న బొటనవేలంత కప్పలు మట్టిలోంచి పైకి వచ్చి, ఆ గుంటల్లో గుడ్లు పెట్టి, వానలు పోగానే మళ్లీ మట్టిలోకి దూరేవి. ఇంకెక్కడ వెతికినా ఆమెకు ఆ రకం కనిపించలేదు.

1994 వానాకాలంలో మళ్లీ ఆ గుట్టకు వెళ్లింది. అప్పటికి ఆమె నారాయణగూడలో ఒక ఆడపిల్లల కాలేజీలో జువాలజీ లెక్చరర్. వెంట ఆడపిల్లలు పాతికమంది ఉన్నారు. తీరా చూస్తే గుట్ట సగమే మిగిలి ఉంది. మిగతా సగాన్ని కంకర మిషను తినేసింది. గుంటలన్నీ రాతిపొడితో పూడిపోయాయి. వెనకవైపు ఒక్క గుంటలో మాత్రం నీళ్లున్నాయి. దాని చుట్టూ సాయంత్రం దాకా వెతికితే తొమ్మిది కప్పలు దొరికాయి.

మిషను దగ్గరున్న మనిషిని, "ఈ గుంట ఎన్నిరోజులు ఉంటది?" అని అడిగింది.

"దసరాకు పూడ్చుతరు మేడం. ప్లాట్లు చేస్తున్నరు," అన్నాడతను.

తొమ్మిదింటినీ తడిమట్టి పోసిన డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది.

ఇల్లంటే అశోక్‌నగర్‌లో రాజకుమారి గారి బంగ్లాలో పైభాగం. రాగిణి, బ్యాంకులో పనిచేసే ఆమె భర్త ఉదయ్ కుమార్, ఏడేళ్లుగా అక్కడే కిరాయికి ఉంటున్నారు. కింది గదుల్లో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలు ఉండేవారు. రాజకుమారి అరవై దాటిన మనిషి, భర్త పోయి చాలాకాలమైంది. గట్టి గొంతు. కిరాయిదార్లకు ఆమె అంటే భయం.

రాగిణి మిద్దె మీద రేకుల నీడలో తొట్లలాంటి నాలుగు సిమెంటు గోలాలు పెట్టించి, గుట్ట మట్టి, రాళ్లు వేసి కప్పలను వదిలింది. రోజూ పొద్దున, సాయంత్రం మట్టి తడిపేది. ఏప్రిల్, మే నెలల్లో గోనెసంచులు తడిపి కప్పేది. కాలేజీ నుంచి రాగానే చెప్పులు విడవకముందే మిద్దె ఎక్కేది. "మన పెండ్లయిన కొత్తల నన్ను కూడ ఇంత మంచిగ చూసుకోలే," అని ఉదయ్ కుమార్ నవ్వేవాడు.

మరుసటి వానాకాలం మగకప్పలు అరవడం మొదలుపెట్టాయి. బొటనవేలంత ప్రాణి గొంతు వీధి చివరిదాకా వినిపించింది. గుడ్లు మాత్రం ఒక్కటీ పడలేదు. రాగిణి నీళ్లు మార్చింది, డబ్బాతో వానలా చల్లింది, రాళ్లు సర్ది చూసింది. రెండు కప్పలు చచ్చిపోయాయి.

ఆగస్టులో కింది గదిలో ఉండే ఓదెలు పైకి వచ్చాడు. కరీంనగర్ దిక్కు పల్లె నుంచి వచ్చినవాడు, అది మూడోసారి పరీక్ష రాయడం.

"మేడం, మీరు ఏమనుకోకుండ్రి. చిక్కడపల్లి లైబ్రరీల కూసుందామంటే జాగ దొరకదు. రూముల కూసుంటే ఈ మొత్తుకునుడు. మా నాయిన ఎడ్లమ్మి పైసలు పంపుతున్నడు. నాకు ఇదే ఆఖరు చాన్సు."

అతను కోపంగా అనలేదు. "నీదేం తప్పులేదు ఓదెలూ," అంది రాగిణి.

మర్నాడు రాజకుమారి కిందికి పిలిపించింది.

"గిదేంది రాగిణీ? పిల్లలు పరేషాన్ అయితున్నరు. రూములు ఖాళీ చేస్తమంటున్నరు. ఎక్కడన్న చెరువుల ఇడిసిరా."

"చెరువుల బతకయమ్మా. వాటి జాగ పోయింది. ఇవి పోతే ఆ రకమే ఉండదేమో అని నా భయం."

"కప్పలకేం కరువు? మన మోరీల గూడ ఉంటయి."

"అవి వేరే, ఇవి వేరే. ఒక్క వానాకాలం ఆగుండ్రి. అప్పటికీ వీటికి పిల్లలు కాకపోతే నేనే ఖాళీ చేస్త."

"వచ్చే వానాకాలం దాంక. అంతే," అంది రాజకుమారి. ఆ సాయంత్రమే రాగిణి అరిచే కప్పల గోలాలను మిద్దె వెనక మూలకు జరిపించి, చుట్టూ పాత పరుపులు నిలబెట్టింది. చప్పుడు కొంత తగ్గింది.

ఎక్కడ తప్పుతున్నదో ఆమెకు చలికాలమంతా అంతుపట్టలేదు. ఫిబ్రవరిలో ఒకరోజు క్లాసులో సుప్తావస్థ గురించి చెబుతూ మధ్యలో ఆగిపోయింది. గుట్ట మీద ఆ కప్పలు ఎండాకాలమంతా ఎండిన మట్టిలో కదలకుండా పడి ఉంటాయి. తొలకరి పడితేనే లేస్తాయి. మిద్దె మీద ఏడాది పొడుగునా తడే. కాపాడాలన్న ఆత్రంతో వాటికి ఎండాకాలమే లేకుండా చేసింది తను.

ఆ రోజు నుంచి నీళ్లు తగ్గిస్తూ వచ్చింది. మార్చి చివరికి పూర్తిగా ఆపింది. కప్పలు లోపలికి దూరాయి. మే నెలలో మట్టి పైన బీటలు వారింది. ఉదయ్ కుమార్ ఒకసారి చెంబుతో నీళ్లు పట్టుకుని గోలెం దగ్గర నిలబడ్డాడు.

"పోయకు," అంది రాగిణి.

"లోపల చచ్చినయో, ఉన్నయో! జర తవ్వి చూద్దాం."

"తవ్వితే నిజంగనే చస్తయి. నాకు మాత్రం భయం లేదా?"

అతను నీళ్లు పక్కనున్న తులసిచెట్టుకు పోసి దిగిపోయాడు.

జూన్ రెండోవారంలో మధ్యాహ్నం పెద్దవాన కురిసింది. ఆమె రేకులు తీయించేసింది. చీకటి పడేలోగా మట్టి కదిలింది. ముందు ఒక ముట్టె, తర్వాత పసుపు చార. అయిదు కప్పలు పైకి వచ్చాయి. మిగతా రెండు రాలేదు. మూడోరోజు పొద్దున నీటి మీద గుడ్ల నురగ తేలుతూ కనిపించింది. రాగిణి కిందికి పరుగెత్తి రాజకుమారినే మొదట పిలిచింది. ఆమె మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చి, వంగి చూసి, "సగ్గుబియ్యం లెక్కున్నయి," అంది. పోయేటప్పుడు, "ఇగ ఖాళీ చేసుడు లేదులే," అని గొణిగింది.

వందలకొద్దీ తోకకప్పలు అయ్యాయి. వాటికి రెండువారాలు కూడా నిండకముందే దెబ్బ తగిలింది. కలరా వస్తున్నదని ఎవరో చెబితే, రాజకుమారి నీళ్ల ట్యాంకు కడిగించి దండిగా బ్లీచింగ్ పౌడర్ కలిపించింది. రాగిణికి ఆ మాట తెలియదు. ఎప్పటిలా ట్యాంకు నీళ్లు పట్టి గోలాల్లో పోసింది. కాలేజీ నుంచి వచ్చేసరికి మూడు గోలాల్లో తోకకప్పలన్నీ తెల్లటి పొట్టలతో తేలుతున్నాయి. నీళ్లు చాలక పోయకుండా వదిలిన నాలుగోదానిలో మాత్రమే బతికున్నాయి.

ఆమె చచ్చినవాటిని జల్లెడతో తీస్తుంటే రాజకుమారి వచ్చి చూసింది.

"నేను కలిపించిన మందుకేనా?"

"మీకు తెల్వదు కదమ్మా. నేను అడిగి పోయాల్సింది."

రాజకుమారి మెట్ల మీద కూర్చుంది. "పిల్లలు పురుటిల్లు దాటకముందే పోతే ఎట్లుంటదో నాకెరికే. నాకు ఇద్దరు పోయిన్రు," అంది. ఇన్నేళ్లలో ఆమె ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. రాగిణి జల్లెడ పక్కనపెట్టి ఆమె పక్కన కూర్చుంది.

మర్నాడు రాజకుమారి చిక్కడపల్లిలో తనతో భజనకు వచ్చే కిష్టమ్మ ఇంటికి వెళ్లింది. వాళ్ల పెరట్లో చేదబావి ఉంది. ఆ బావి నీళ్లను డబ్బాల్లో నింపి సైకిలు మీద తెచ్చే పని, పరీక్ష రాసి ఫలితం కోసం చూస్తున్న ఓదెలు, అతని రూమువాళ్లు వంతులు వేసుకున్నారు. "చప్పుడుకు అలవాటయింది మేడం. లేకుంటేనే నిద్ర వస్తలేదు," అన్నాడు ఓదెలు. తోకలు పోయిన పిల్లకప్పలకు చిన్న ఈగలు కావాలి. నారాయణగూడ చౌరస్తాలో పండ్లమ్మే పీరయ్య మెత్తబడ్డ అరటిపండ్లు ఊరికే ఇచ్చాడు. వాటిని సీసాల్లో పెట్టి ఈగలను పెంచారు. ఆదివారాలు వీధి పిల్లలు, వాళ్లతో తల్లులు మిద్దె ఎక్కసాగారు. ఒక పేపర్లో ఫొటో పడ్డాక హిమాయత్‌నగర్, విద్యానగర్, అంబర్‌పేట్ నుంచి కూడా జనం వచ్చారు.

పిల్లకప్పలు పెరిగాయి. వదలడానికి మాత్రం చోటు లేదు. ప్లాట్ల గొడవ కోర్టులో పడడంతో గుట్ట వెనక గుంట ఇంకా పూడలేదని తెలిసింది. అది సర్కారు భూమి. రాగిణి ఒక్కతే రెండుసార్లు ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్లి ఉత్తచేతులతో తిరిగొచ్చింది. మూడోసారి రాజకుమారి, కిష్టమ్మ, భజన ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు రెండు బస్సుల్లో వెంట వచ్చారు.

ఎమ్మార్వో ఆశ్చర్యపోయాడు. "కప్ప కోసం ఇంతమందా? మనుషులకే జాగ లేదమ్మా."

రాజకుమారి ముందుకు వచ్చింది. "మనుషులకు ఇంకోకాడ దొరుకుతది సారూ. నాకాడనే ఆరు రూములున్నయి. వాటికి ఆ గుంట ఒక్కటే. మీరు కంచె ఏయించుండ్రి, ఖర్చు మేం చందా ఎత్తుతం."

ఆయన నవ్వాడు. అయినా వారం తర్వాత సర్వేయరును పంపాడు. గుంట, చుట్టూ రెండెకరాలు ప్లాట్లలోంచి తప్పించారు. గుట్ట మిగతా భాగం మాత్రం పోయింది.

1997 జులైలో కొన్నింటిని గోలాల్లోనే ఉంచి, మిగతా కప్పలను అక్కడ వదిలారు. సగానికి పైగా మొదటి ఏడాదే పోతాయని రాగిణి అందరికీ ముందే చెప్పింది. పాములు, కొంగలు ఉంటాయి కదా అంది. పిల్లలు కొందరు ఏడ్చారు.

మరుసటి తొలకరికి ఆమె, ఉదయ్ కుమార్, రాజకుమారి వెళ్లారు. పొద్దుగూకుతుండగా గుంటలోంచి అరుపులు వినిపించాయి. కొద్దిపాటివే, కానీ ఒక్కచోటు నుంచి కాదు. నీటి అంచున రాయి కింద గుడ్ల నురగ ఉంది.

"మనం ఇడిసినయేనా?" అడిగింది రాజకుమారి.

"అవే అయ్యుంటయమ్మా."

"అయితే మిద్దె మీద గోలాలు తీసేస్తవా?"

"తీయను. ఒక్క గుంటను నమ్ముకుంటే ఎట్ల? ఇంకో జాగ దొరికేదాంక ఉండనియ్యుండ్రి."

"ఉండనీ," అంది రాజకుమారి. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గుంట చుట్టూ తిరిగి రెండోవైపు చూడటానికి బయలుదేరింది.