అడ్డొచ్చిన ఆకులు

పదకొండు రోజులుగా ఆ ఇంట్లో బాల్కనీ తలుపు తీయలేదు. కుండీలోని తీగలో పిట్ట గూడు పెట్టిందని ఇల్లాలు బట్టలన్నీ స్నానాలగదిలోనే ఆరేసి, ఆ తడిబట్టల ముక్కవాసన కూడా భరించింది. గిన్నెలు తోముతూ సింకు మీది కిటికీలోంచి చూడటం వరకే ఆమె హక్కు. తల్లిపిట్ట కూడా ఆమెను కిటికీలో ఒక భాగమనుకుని ఊరుకుంది. పిల్లలు మూడని తేలడానికే నాలుగు రోజులు పట్టింది, అంత దట్టంగా ఉండేవి ఆకులు.

ఆమె చేసిన తప్పల్లా ఒక్కటే. కడుపులో మాట దాచుకోలేక మొగుడికి చెప్పింది.

ఆదివారం కూరగాయలకు వెళ్ళొచ్చేసరికి బాల్కనీ తలుపు బార్లా తెరిచి ఉంది. నేల మీద తీగ ముక్కలు. పక్కన, ఎవరినీ ముట్టుకోనివ్వని ఆమె వంటింటి కత్తెర. గూడు గుండు గీసినట్టు ఎండలో బోసిగా ఉంది.

"ఇలా రావోయ్," అన్నాడాయన సోఫాలోంచి ఫోను ఎత్తి చూపిస్తూ. "ఎనభై ఆరు తీశాను. ఇది చూడు, గొంతులో ఎరుపు కూడా పడింది. ఆఫీసు గ్రూపులో మా బాసే మెచ్చుకున్నాడు."

"ఆకులేవి?"

"అడ్డొచ్చాయి."

"ఎవరికి?"

ఆ ప్రశ్న ఆయనకు ఎక్కలేదు. "తీగే కదా, మళ్ళీ పెరుగుతుంది. ఎంత ముద్దుగా నోళ్ళు తెరిచాయో చూడు, ఫోటో కోసమే అన్నట్టు."

"ఆకలికి తెరిచాయి. తల్లేదీ?"

"కత్తెర చప్పుడుకు ఎగిరిపోయింది. వస్తుందిలే."

"ఎంతసేపైంది?"

ఫోనులో చూశాడు. మొదటి ఫోటో పదింటికి. ఇప్పుడు పన్నెండున్నర.

"పిల్లలెన్ని?"

ఆయన మళ్ళీ ఫోను చూడబోయాడు.

కోపమొస్తే గిన్నెలు మోగించడం ఆమెకు అలవాటు. ఆ రోజు గిన్నెలు కూడా నోరెత్తలేదు. ఆయన చేతిలోంచి ఫోను లాక్కుని, బియ్యం డబ్బాలో మోచేతి లోతున పాతిపెట్టి మూత బిగించింది. బట్టల క్లిప్పులన్నీ పట్టుకెళ్ళి, తెగిన తీగలను ఒక్కొక్కటే గూటి చుట్టూ కరిపించింది. ఆకులు అప్పటికే వాడిపోయాయి. పైన పాత దుప్పటి కట్టింది. ఎదురు మేడ నీళ్ళట్యాంకు మీది నుంచి కాకి ఒకటి ఇదంతా కళ్ళార్పకుండా చూస్తోంది. దానికి ఫోను లేదు మరి.

తలుపు మూసి, సింకు ముందు స్టూలు వేసి ఆయనను కూర్చోబెట్టింది.

"ఏం చెయ్యాలి?"

"చూడండి. కాకి వాలితే కిటికీ మీద కొట్టండి."

"ఎంతసేపు?"

"తల్లి వచ్చేదాకా. నేను పదకొండు రోజులు చూశాను, నా కళ్ళేం అరిగిపోలేదు."

"ఒక పిట్ట కోసం ఇంత రాద్ధాంతమా?"

"మీరు స్నానం చేస్తుంటే తలుపు పీకేసి ఫోటో తీసి, ఆ గ్రూపులోనే పెడతాను. వెలుతురు బాగా పడుతుంది. అప్పుడు చెబుదురుగాని."

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

రెండు దాటాక, ముక్కున పురుగుతో తల్లి వచ్చి వాలింది. ఆయన చెయ్యి ఖాళీ జేబులోకి వెళ్ళి, సిగ్గుపడి వెనక్కి వచ్చింది.

"వచ్చిందోయ్," అన్నాడు గుసగుసగా. "ఒకదానికి పెట్టింది... మళ్ళీ వెళ్ళింది... తెచ్చింది, రెండోదానికి..."

ఆయన స్టూలు మీంచి లేచి కిటికీకి ముఖం ఆనించాడు.

"మూడోది తల ఎత్తడం లేదే."

క్లిప్పులు పెడుతున్నప్పుడే ఆమె అది చూసింది. బియ్యం డబ్బా తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఫోటోలో ఎత్తే ఉందిగా. అది చూసుకోండి."