పన్నెండు పంక్చర్లు

అచ్చియమ్మ బట్టల్ని సంచిలోకి గుద్ది గుద్ది కూరుతోంది. రెండు లుంగీలు, రెండు చొక్కాలు, తువ్వాలు, గడ్డం గీసుకునే సామాను. అన్నీ ఒక్క మనిషివే. టికెట్లు ఇద్దరికీ తీశారని తెలిసి కూడా తన చీర ఒక్కటి అందులో పెట్టలేదు.

"నాను రాను," అంది మొగుడి మొహం చూడకుండా. "మీరెల్లి సూసీసి రండి. ఒక్కలే రండి. మీ తమ్ముణ్ణి ఎంటబెట్టుకొస్తే, ఆయన ఈ గుమ్మం ఎక్కినప్పుడే నాను దిగిపోతాను."

త్రినాథరావు ముప్పై నాలుగేళ్ళు బిలాస్‌పూర్ నుంచి గూడ్సు బళ్ళు నడిపి రిటైరైనవాడు. బొబ్బిలి దగ్గర ఊళ్ళో అతని తమ్ముడు తిరుమలరావు పక్షవాతంతో మంచం పట్టి నాలుగు నెలలైంది. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. అతణ్ణి బిలాస్‌పూర్ తార్‌బహార్‌లోని తమ రెండు గదుల ఇంటికి తెచ్చుకుని చూసుకోవాలని త్రినాథరావు పట్టు. ఆ మంచం ఇంట్లోకి వస్తే మొగుడు ఇక దాని చుట్టూనే తిరుగుతాడని అచ్చియమ్మ భయం. డ్యూటీ డ్యూటీ అని సగం జీవితం బయటే గడిపిన మనిషి మూడేళ్ళయింది ఆమె చేతికి చిక్కి. ఆ మాట ఆమె ఎప్పుడూ నోరు విప్పి చెప్పలేదు. నోరు విప్పితే వచ్చేవన్నీ దెప్పులే.

ఆ రోజు మార్చి ఇరవై రెండు, ఆదివారం. మర్నాడు ప్రయాణం. కట్టిన సంచి గుమ్మం పక్కన ఉండగానే, కరోనా వల్ల రైళ్ళన్నీ ఆపేశారని టీవీలో చెప్పారు. అచ్చియమ్మకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది గానీ అప్పటికే త్రినాథరావు చూసేశాడు. సంచి తీసి అటక మీదికి విసిరి, పెరట్లోకి వెళ్ళి సైకిలు బయటికి లాగాడు.

ఒకప్పుడు రైలింజన్ల షెడ్డుకి వెళ్ళడానికి వాడిన సైకిలది. చైను తుప్పు పట్టి కొయ్యలా బిగుసుకుపోయింది. దాన్ని కిరోసిన్‌లో నానబెట్టాడు. చక్రాలు విప్పి, ఇరుసులో బాల్సు ఒక్కొక్కటే తుడిచి గ్రీజులో కూర్చాడు. పెళ్ళాం కూరకి వాడే పాత కంచంలోనే అవన్నీ పోశాడు, కావాలనే. మర్నాటి నుంచి తెల్లవారకముందే లేచి యాభై గుంజీళ్ళు తీసేవాడు. వారం తిరిగేసరికి నూరు. తరవాత రైల్వే మైదానం చుట్టూ సైకిలు మీద తిరిగి చెమటతో వచ్చేవాడు.

"ఏటి, షెడ్డులో మళ్ళీ మెడికల్ పరీచ్చ పెట్టారేటి?" అని ఆమె దెప్పింది. "అరవై మూడేళ్ళకి ఎవులికోసం ఈ కసరత్తు?"

"బండి ఆగిపోనాదని డ్రైవరు పడుకుండిపోడు."

మే నెల మొదట్లో ఒకరోజు రతన్‌పూర్ దాకా వెళ్ళి, ఎండ ముదరకముందే తిరిగొచ్చాడు. రానూ పోనూ యాభై కిలోమీటర్లు. మెట్టెక్కుతుంటే అతని పిక్కలు చూసింది అచ్చియమ్మ. రాళ్ళలా ఉన్నాయి. ఆ సాయంత్రం కేలండరు వెనక అతను రాసుకున్న పేర్లు కూడా చూసింది: రాయ్‌పూర్, మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి. అది రైలు దారి. ఆ దారినే సైకిలు మీద వెళ్ళబోతున్నాడు.

ఆమె బియ్యం బస్తా కుట్టే దబ్బనం తీసి వెనక టైరులో పొడిచింది.

మొదటిసారి అతను సైకిలు నడిపించుకుంటూ రాంప్రసాద్ దగ్గరికి పోయాడు. సగం తెరిచిన షట్టరు కింద కూర్చుని పంక్చర్లు వేసే ముసలాయన అతను. ట్యూబుని నీళ్ళలో ముంచి చూసి, రోడ్డు మీద ముల్లు పక్కనుంచి ఇంత తిన్నగా దిగదు భాయీ అన్నాడు. త్రినాథరావు ఇంటికొచ్చి భార్యని ఏమీ అడగలేదు. రాంప్రసాద్ దగ్గరే రబ్బరు ముక్కలు, సొల్యూషను, ఆకురాయి తెచ్చుకుని, పని నేర్చుకున్నాడు.

తరవాత అదొక నిత్యకృత్యమైపోయింది. ఆమె పొడిచేది. అతను బకెట్టులో ట్యూబు ముంచి, బుడగలు ఎక్కడొస్తే అక్కడ వేలు పెట్టి, ఆకురాయితో గీకి, ముక్క అతికించేవాడు. మొదట్లో గంట పట్టేది. ఇద్దరూ పెరట్లోనే ఉండేవారు. పన్నెండోసారి ఆమె పొయ్యి మీద పెట్టిన టీ పొంగకముందే టైరెక్కించి గాలి కొట్టేశాడు.

"ఇంకోటి పొడు," అన్నాడు, పంపు గోడకి ఆనించి. "కళ్ళు మూసుకుని ఏసీడం ఒక్కటే మిగిలిపోనాది."

అప్పుడు తెలిసింది అచ్చియమ్మకి. దారిలో ఎవరూ లేని చోట ఏ మనిషైనా ఆగిపోయేది పంక్చరు దగ్గరే. ఆ ఒక్క పనీ మొగుడికి తనే దగ్గరుండి నేర్పింది. దబ్బనాన్ని తీసుకెళ్ళి మురిక్కాలవలో పారేసింది.

జూన్ వచ్చినా బొబ్బిలి వైపు రైలు ఎప్పుడు వేస్తారో ఎవరూ చెప్పలేకపోయారు. ఒక తెల్లవారుజామున త్రినాథరావు సంచిని కేరియర్‌కి తాళ్ళతో కట్టాడు. అచ్చియమ్మ అలవాటు చొప్పున చపాతీలు చేసి, ఆవకాయ వేసి డబ్బా కట్టింది. డ్రైవర్ల ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. డ్యూటీకి బయల్దేరే మనిషిని ఎప్పుడొస్తావని అడగరు. అడిగితే అశుభం. అడగక్కర్లేదు కూడా. పోయిన డ్రైవరు అవతలి ఊళ్ళో పడుకుని, ఇంకో బండి పట్టుకుని రెండో రోజో మూడో రోజో వచ్చేస్తాడు. ముప్పై నాలుగేళ్ళు ఆమె అలాగే పంపింది, అతను అలాగే వచ్చాడు. అందుకే ఇప్పుడూ అడగలేదు. కోపమూ అడగనివ్వలేదు.

"ఎల్తే ఎల్లండి," అంది డబ్బా చేతికిస్తూ. "ఆ మంచాన్ని మాత్రం ఇక్కడికి తేవద్దు."

"తేను," అన్నాడు త్రినాథరావు.

ఆమె ఆ రోజంతా గెలిచానని అనుకుంది. సాయంత్రం పక్కింటి భానుప్రియతో ఆ మాట గొప్పగా చెప్పింది కూడా.

తొమ్మిదో రోజున ఫోనొచ్చింది. సేరిపోనాను అన్నాడు. తమ్ముడికి వేడినీళ్ళు కాచాలని పెట్టేశాడు. ఆమె ఎప్పుడొస్తారని అడగలేదు. ఆ తరవాత ఏ ఫోనులోనూ అడగలేదు, అతనూ చెప్పలేదు. రైళ్ళు మళ్ళీ తిరిగాయి. ఆమె ఎక్కలేదు.

తిరుమలరావు మరుసటి ఏడు మాఘమాసంలో పోయాడు. అప్పుడూ ఆమె ఎప్పుడొస్తారని అడగలేదు, త్రినాథరావు అక్కడే ఉండిపోయాడు. అతను 2020 జూన్ 9, మంగళవారం పొద్దున్న ఇంట్లోంచి వెళ్ళాడు. తిరిగి రాలేదు.