నేరేడు రంగు అని రాసిన చేయి

అరవై రెండు సమాధుల మీద తారు పోయడానికి మీరు సంతకం పెట్టారు, పాత తపాలా కవర్ల పరీక్షా సంఘం పెద్దలారా. రోడ్డు యంత్రాల వాళ్ళు కాదు, మీరే. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అబద్ధమైతే నా మీద కేసు పెట్టుకోండి.

నా పేరు వెర్నెల్ టాలివర్. ఒహాయోలో ముప్పై ఒక్క సంవత్సరాలు తపాలా సార్టింగు చేశాను. కాలేజీ గడప తొక్కలేదు. పాత స్టాంపుల ఛాయలు నాకు ఎవరూ నేర్పలేదు. లోపలి ఉత్తరం మీద సంవత్సరం రాసి ఉన్న కవర్లను మూడు వందలకు పైగా పోగుచేసి, కిటికీ వెలుతురులో పక్కపక్కన పెట్టి చూసి నేర్చుకున్నాను.

మా చాపెల్, అంటే మా చిన్న చర్చి, దాని వెనక శ్మశానం ఉంది. 1855లో ఆ నేల కొన్నాం, దాని మీదుగా రోడ్డు వేస్తాం అంటుంది కౌంటీ, మా జిల్లా సర్కారు. అంతకు ముందే అక్కడ మనుషుల్ని పూడ్చి ఉంటే రోడ్డు వేయడానికి వీల్లేదు. తర్వాత పూడ్చారంటే ఆక్రమణ కింద లెక్క, ఎముకలు తవ్వి పారేస్తారు. మా దగ్గరున్న రుజువు ఒక్కటే. లెటీ క్రేన్ అనే ఆమె తన చెల్లెలికి రాసిన ఉత్తరం. "మన చాపెల్ వెనకే పాపను పడుకోబెట్టాం" అని ఉంది అందులో. తేదీ నవంబరు తొమ్మిది. సంవత్సరం రాయలేదు. తపాలా ముద్రలో నవంబరు పదకొండు. ఆ రోజుల్లో మా వైపు ముద్రల్లో సంవత్సరం ఉండేది కాదు. ఇక మిగిలింది మూడు సెంట్ల స్టాంపు. దాని అంచులకు పళ్ళు లేవు కాబట్టి 1851కీ 1857కీ మధ్యది. అచ్చువాళ్ళు రంగు మళ్ళీ మళ్ళీ కలిపేవాళ్ళు, ఛాయ ఏటేటా మారేది. మొదటి నెలల్లో నారింజ గోధుమ. చివర్లో నేరేడు.

నేను మీకు పంపినప్పుడు అది నారింజ గోధుమ. పధ్నాలుగు నెలలు మీ పెట్టెలో ఉంచుకుని, "నేరేడు ఛాయ, 1857" అని కాగితం ఇచ్చారు. కవరు తిరిగొచ్చేసరికి దాని మీద రబ్బరు బ్యాండు కరిగి అంటుకున్న గీత ఉంది. రబ్బరులో గంధకం ఉంటుంది. గంధకం తగిలితే ఆ నారింజ నల్లబడి నేరేడులా కనిపిస్తుంది. ఈ సంగతి స్టాంపులు చూసే ప్రతివాడికీ తెలుసు. కవర్లు పరీక్షించేవాళ్ళే కవర్లను రబ్బరు బ్యాండ్లతో కట్టగట్టి పెట్టారు!

గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు కౌంటీలో విచారణ. ఆ ఉదయమే స్టాంపుల ప్రదర్శనకు వెళ్ళాను, మా వదిన ఒడెస్సాను వెంటబెట్టుకుని. చాపెల్ పెద్ద ఆమే. సంఘం అధ్యక్షుడు లిండౌర్ ట్యూబులైటు కింద బల్ల వేసుకుని కూర్చున్నాడు. మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. విషయం చెప్పాను. కంటి జ్ఞాపకం సాక్ష్యం కాదన్నాడు. ఆ దీపం కింద తెల్ల గుడ్డకు కూడా పచ్చకామెర్లు వచ్చినట్టుంటుంది, కిటికీ దగ్గరికి రమ్మన్నాను. రాలేదు.

"మీరు ఉత్తరాలు మోసిన మనిషి అమ్మా. మేం చూసే మనుషులం" అన్నాడు, నవ్వుతూనే.

"మరి చూడండి. నా కవరే కదా" అన్నాను.

గాయాలు కడిగే పెరాక్సైడ్ సీసా సంచిలోనే ఉంది. నల్లబడ్డ నారింజ దాని ఆవిరికి తేరుకుంటుంది. పుట్టుకతో నేరేడైతే నేరేడుగానే ఉండిపోతుంది. అద్దుడు కాగితం ముక్క తడిపి స్టాంపు కింది మూలకు తగలకుండా పెట్టి, గాజుమూత బోర్లించాను. అది నేరేడే అయితే నా కళ్ళే తప్పు, ఆ అరవై రెండు మందీ నా వల్లే పోతారు. అధ్యక్షుడు గడియారం చూసుకుంటున్నాడు. చుట్టూ పదిమంది పోగయ్యారు.

పావుగంట గడిచింది. ఏమీ లేదు.

"ఇంకెంతసేపే?" అంది వదిన నా చెవిలో. "రెండింటికి అక్కడుండాలి. గంట ప్రయాణం."

"నాకేం తెలుసు వదినా. ఊపిరాడనివ్వు."

నలభై నిమిషాలకు మూత తీశాను. కవరు పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాను. ఈసారి అధ్యక్షుడే వెనక వచ్చాడు. కింది మూలలో గోరంత మేర రంగు తేలింది. నారింజ గోధుమ. నా సంచిలోంచి 1851 నవంబరు నాటి, లోపల సంవత్సరం రాసి ఉన్న కవరు తీసి పక్కన పెట్టాను. ఒకే ఛాయ.

లిండౌర్ భూతద్దం తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆఖరికి సంఘం మళ్ళీ కూర్చోవాలనీ, కొత్త కాగితానికి ఆరు వారాలు పడుతుందనీ, అది నియమమనీ చెప్పాడు.

"మీ నియమం లోపు మా వాళ్ళను తవ్వేస్తారయ్యా" అంది వదిన. గొంతు పెంచలేదు. అయినా అతను సంతకం పెట్టలేదు.

విచారణకు పది నిమిషాలు ఆలస్యంగా చేరాం. కవరు చూపించాను. అధికారి దాన్ని తిప్పి తిప్పి చూసి, నా మాట ఎందుకు నమ్మాలన్నాడు. అతని ముందున్నది మీ కాగితమే, 1857 అని ముద్ర వేసింది. చివరికి సోమవారం ఉదయం తొమ్మిది దాకా గడువిచ్చాడు. ఆ లోపు సంఘం తన అభిప్రాయం వెనక్కి తీసుకుంటే రోడ్డు ఆగుతుంది. లేకపోతే పదింటికి యంత్రం వస్తుంది.

ఈరోజు శుక్రవారం. నారింజ మూల మీ అధ్యక్షుడు కళ్ళారా చూశాడు, పదిమంది సాక్షులున్నారు. సంఘం కూర్చోనక్కర్లేదు. ఐదుగురు సభ్యులూ ఈ రాత్రే ఫోన్లో మాట్లాడుకోండి. 1857 తప్పు అని రెండు వాక్యాలు రాసి, కింద మీ పేర్లు పెట్టి, ఎవరో ఒకరు కారెక్కి సోమవారం తొమ్మిదికి ముందే ఆ కాగితం అధికారి చేతిలో పెట్టండి.