కాలికింది పెట్టెలు

చాగలమర్రి పెళ్లిలో ప్రభుదాసు కాలు గాలిని తొక్కింది. వేదిక చెక్కల మీద గిటారుకు తగిలించి అతను కాలితో నొక్కే మూడు పెట్టెలు ఎప్పుడు జరిగిపోయాయో, పాదంతో వాటిని వెతుక్కుంటూ ఒకటనుకుని మరొకటి నొక్కాడు. పెళ్లికూతుర్ని సాగనంపే పాటలో గిటారు ఒక్కసారిగా లారీ ఇంజనులా గరగరమంది. జనం నవ్వారు. ఆర్కెస్ట్రా నడిపే మోషే నవ్వలేదు.

ప్రభుదాసు నా భార్య లూదియా తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు. ఆమె పోయాక నంద్యాలలో నా ఇంట్లోనే ఉండిపోయాడు. నేను కాలేజీలో ఫిజిక్స్ పాఠం చెప్పి వచ్చి తలుపు తోసేసరికి లోపల ఏదో ఒక మోత వినిపించేది. ఖాళీ ఇంట్లోకి అడుగుపెట్టే పని లేకపోవడం చిన్న విషయమేమీ కాదు.

ఆ పెట్టెలు అతను మద్రాసు నుంచి తెచ్చుకున్నవి. గిటారు వైరు వాటి గుండా పోయి స్పీకరుకు చేరుతుంది. ఒకదాన్ని నొక్కితే మోత గరుకవుతుంది. ఇంకొకటి దాన్ని వణికిస్తుంది. మూడోదాన్ని ముందుకీ వెనక్కీ తొక్కితే తీగ పసిబిడ్డలా మారాం చేస్తుంది. చేతులకు తీగల మీద తీరికుండదు కాబట్టి ఇదంతా కాలితో చేయాల్సిన పని. ప్రభుదాసు పాదాలకేమో రెండేళ్లుగా స్పర్శ లేదు. షుగరు. పోయింది తిరిగి రాదని కర్నూలు డాక్టరు చెప్పేశాడు. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

ఆ వేసవిలో, అంటే ఎనభయ్యారులో, మోషే ఒక కీబోర్డు తెచ్చాడు. తెచ్చిన రోజే మా ఇంటికి వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు.

"దాసన్నా, దాంట్లో గిటారు గూడ ఉందంటన్నా. మీట నొక్కితే సాలంట. ఆళ్లగడ్డ పెండ్లి ఒగటి సూస్తా. ఆడ గూడ నువ్వు ఇట్లే తడుముకుంటే, ఇంగ ఇంటికాడ్నే ఉండు. నన్ను తిట్టుకోవద్దు."

"తిట్టుకునేదేముందిలేప్పా," అన్నాడు ప్రభుదాసు. మోషే పోయాక చాలాసేపు గిటారు ముట్టుకోలేదు. తర్వాత నాతో అన్నాడు: "పెట్టెలు కదలకుంటే సాలు బావా. యాడుండేది ఆడ్నే ఉంటే, కాలికి తెలీకపోయినా మోకాలికి తెలుస్తాది."

అది నిజమే. కాలు ఎంత దూరం చాచాలో మోకాలు గుర్తుపెట్టుకోగలదు. చర్చిలో పాటల నంబర్లు తగిలించే పాత టేకు పలకను సంఘం వాళ్లు పక్కన పడేస్తే అడిగి తెచ్చుకున్నాం. దాని మీద పెట్టెల్ని బిగించాలి. ఎలా బిగించాలన్నదే ప్రశ్న.

మొదట సైకిలు ట్యూబు ముక్కలు కోసి, పంక్చర్ సొల్యూషన్‌తో పెట్టెల అడుగున అంటించాం. నంద్యాల ఎండకు మధ్యాహ్నానికల్లా అది పాకంలా సాగింది. పలక వంచితే పెట్టెలు మూడూ మెల్లగా జారాయి. తర్వాత చుట్టూ మేకులు కొట్టి వంచాం. రెండు పాటలు వాయించేసరికి వదులై కటకటలాడాయి. తోలు పట్టీలు వేస్తే అవి సరిగ్గా కాలు పెట్టే చోటికే అడ్డం వచ్చాయి. పెట్టె అడుగున రంధ్రం చేద్దామా అంటే లోపలి వైర్లు తెగుతాయని ఇద్దరికీ భయం.

ఒక ఆదివారం ఆరాధన ముగిసి గుడి నుంచి వస్తూ లాల్ సాహెబ్ సైకిలు షాపు ముందు ప్రభుదాసు ఆగిపోయాడు. నేల మీద తెగిన చైను పడి ఉంది. చైను ఊడదీస్తే చిన్న చిన్న ఇనుప పట్టీలు వస్తాయి; ఒక్కోదానికి రెండు కొసల్లోనూ రంధ్రాలుంటాయి. పెట్టె అడుగు మూతకు నాలుగు మూలలా మరలు ఎలాగూ ఉన్నాయి. ఆ మర విప్పి, పట్టీ ఒక రంధ్రం దాని కింద పెట్టి మళ్లీ బిగించి, బయటికి పొడుచుకొచ్చిన రెండో రంధ్రంలోంచి పలకలోకి ఇంకో మర దించితే చాలు. పెట్టెకు గీత కూడా పడదు.

లాల్ సాహెబ్ పట్టీలు విడదీసిస్తూ ఎగతాళి చేశాడు. "గిటారుకు చైనేందప్పా? తొక్కుకుంటా పాడతాండావా ఏంది?"

"పెడలు గూడ ఉందిలే భాయ్. బెల్లొక్కటే తక్కువ."

"రేపు బ్రేకులకు గూడ నాకాడికే రావాల నువ్వు." పలక తెచ్చి అక్కడే పెట్టెలు బిగించాక, మరల తలలు చూపిస్తూ, "ఇయ్యి పైకి లేసినాయి. ఆకురాయి పట్టిస్తా ఉండు," అన్నాడు.

"బూట్లుంటాయి గదా," అన్నాడు ప్రభుదాసు. నాకూ అది సబబుగానే తోచింది.

బూట్లతోనే కొలిచాం. మడమ ఆనడానికి పలక మీద ఒక చెక్క బద్ద కొట్టాను. గట్టి తోలు అడుగు మీట మీద పడగానే ఆ అదురు మోకాలి దాకా వచ్చేది. కళ్లు మూసుకుని "గరుకు" అని నొక్కేవాడు, గరుకే. "వణుకు" అంటే వణుకే. తప్పినప్పుడల్లా తనను తనే బూతులు తిట్టుకునేవాడు. చివరికి తిట్టుకోవడం మానేసి నవ్వాడు. లూదియా చనిపోయాక ఆ ఇంట్లో అంత గట్టి నవ్వు నేను వినలేదు.

ఆళ్లగడ్డలో పెళ్లి ఉదయం. నేనూ జీపులో వెళ్లాను. విందు దగ్గర షామియానా కింద వాయించాలి. గుడిలో పెళ్లి ప్రార్థన అయ్యేసరికి గాలివాన లేచి షామియానాను చుట్టచుట్టి పడేసింది. అందరూ మళ్లీ గుడిలోకి వచ్చేశారు. ప్రసంగ వేదిక మీదే వాయించమన్నారు. సంఘపెద్ద యాకోబు గుమ్మం మెట్టు దగ్గర నిలబడ్డాడు.

"బూట్లు ఈడ్నే ఇడ్సండప్పా. పైకి బూట్లతో ఎక్కగూడదు."

అది మాకు తెలియని కట్టుబాటు కాదు. ప్రతి ఆదివారం మేమూ గుమ్మంలోనే చెప్పులు విడిచి లోపలికి పోయేవాళ్లమే. ఇన్నాళ్లు కొలతలు తీసినా, క్రైస్తవుల పెళ్లిలో గుడి లోపల వాయించాల్సి రావచ్చని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

నేను యాకోబుకు అసలు విషయం చెప్పబోయాను. ప్రభుదాసు నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. చెబితే యాకోబు ఒప్పుకునేవాడే. కానీ పక్కనే మోషే ఉన్నాడు. ప్రభుదాసు వంగి బూట్లు విప్పాడు.

మొదటి పాటలో పెట్టెల పని లేదు. రెండో పాటలో కాలు చాచాడు. కాలు సరైన చోటికే వెళ్లింది, నేను చూశాను. కానీ మీట దిగిందో లేదో అతనికి తెలియలేదు. మళ్లీ నొక్కాడు. గరుకు వచ్చింది, పోయింది, వచ్చింది. తల వంచి పాదాన్నే చూస్తూ వాయించాడు, దాంతో పాడే అమ్మాయి పాటలో ఎక్కడుందో పట్టు తప్పాడు. పెట్టెలు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. అంత బాగా బిగించాం.

ముందు చాప మీద కూర్చున్న పెళ్లికూతురి అవ్వ హన్నమ్మ లేచి నిలబడింది.

"ఓ నాయనా! నీ కాలు సూసుకో! నెత్తురు కారతాంది!"

పలకంతా ఎర్రగా ఉంది. మరల తలలు బొటనవేలి కింద చీల్చేశాయి. పాట ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు.

మోషే దగ్గరికొచ్చి వంగి చూశాడు. "దాసన్నా, నొప్పి తెల్లేదా?"

ప్రభుదాసు పాదాన్ని పలక మీంచి వెనక్కి తీసుకున్నాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"శానా నాళ్లాయె," అన్నాన్నేను.

మోషే గిటారును తనే అతని మెడలోంచి తీశాడు, బిడ్డను ఎత్తుకున్నట్టు జాగ్రత్తగా. "ఇంగ సాలన్నా. నీ కాలు పోతే ఆ పాపం నాకొద్దు. ఇంగ రావద్దు," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బతిమాలుకోవడానికి వీలుండేది.

గుడి వెనక అరుగు మీద కూర్చోబెట్టాం. అప్పటికి వాన వెలిసింది. విందుకు కాచిన వేడినీళ్లు చల్లార్చి హన్నమ్మ తెచ్చింది. ఎవరివాడో, ఏ ఊరివాడో అడగలేదు. నేల మీద చతికిలబడి, అతని పాదాల్ని ఒకటి మార్చి ఒకటి ఒళ్లో పెట్టుకుని తన పాత చీర చెరగు చింపి తుడవసాగింది. గాయం లోతుగా ఉంది. చుట్టూ చర్మం అప్పటికే మంచి రంగులో లేదు.

లోపల కీబోర్డు మొదలైంది. ఆగిన పాటే. మీట నొక్కగానే గిటారు పలికింది, తప్పు లేకుండా. అమ్మాయి గొంతు కూడా నిలకడగా సాగింది.

ప్రభుదాసు గోడకు తల ఆనించి, కిటికీ వైపు మొహం తిప్పి చివరిదాకా విన్నాడు. తర్వాత, కిందికి చూడకుండానే, మెల్లగా అడిగాడు:

"బావా, అవ్వ పట్టుకునింది ఏ కాలు?"