వయొలిన్ ఎక్కడుంది?

వారపత్రికలో కొత్త ఆల్బమ్‌ల మీద తన అభిప్రాయాలు రాసే ఆవిడను ఆఫీసులో అందరూ కత్తెరమ్మ అంటారు. ఎదురుగా కాదు లెండి, అంత ధైర్యం ఎవరికుంది? పన్నెండేళ్లుగా వారానికి నాలుగు ఆల్బమ్‌లు వింటోంది. నచ్చితే నెత్తిన పెట్టుకుంటుంది, నచ్చకపోతే ఉతికి ఆరేస్తుంది. మొహమాటం అన్నది ఆవిడ ఒంట్లోనే లేదు. ఉంటే సొంత తమ్ముడు మిక్సింగ్ చేసిన మొదటి ఆల్బమ్ గురించి, "ఎనిమిది పాటల్లో వయొలిన్ ఎక్కడా దొరకలేదు, మిక్సింగ్ చేసినాయన కునుకు తీసినట్టున్నాడు" అని రాస్తుందా?

ఆ మాట ఎలాగో తమ్ముడి దాకా పోయింది. నాలుగున్నరకల్లా ఆఫీసులో ఊడిపడ్డాడు. పేజీ ఐదింటికి ప్రెస్సుకు వెళ్తుంది. తర్వాతి ఆల్బమ్ పని అతనికివ్వాలా వద్దా అని కంపెనీవాళ్లు ఈ వారం పత్రిక కోసమే కాచుకుని ఉన్నారు.

అక్క ముందు పిల్లిలా ఉండేవాడు ఆరోజు నిలబడే మాట్లాడాడు. వయొలిన్ ముక్కలు ఒక్కోటి పదిసార్లు వాయింపించానన్నాడు. ఆవిడా తగ్గలేదు. తమ్ముడివి కాబట్టి లేనిదాన్ని ఉందని రాయమంటావా అని అడిగింది. పక్క బల్లల మీద కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది.

"నా ముందు విను," అని హెడ్‌ఫోన్ ఇచ్చాడు.

పెట్టుకుని విన్నది. గొంతు ఉంది, గిటార్ ఉంది, వయొలిన్ లేదు. లేదని తల అడ్డంగా ఊపింది. తమ్ముడి మొహంలో కోపం పోయి భయం వచ్చింది. హెడ్‌ఫోన్ తీసి, అటుది ఇటు తిప్పి మళ్లీ ఆవిడ తలకు పెట్టాడు.

ఎడమ చెవి నిండా వయొలిన్. గిటార్ మాయమైపోయింది.

"ఏం మార్చావు?"

"ఏమీ మార్చలేదక్కా. పాటలో వయొలిన్ కుడివైపు, గిటార్ ఎడమవైపు వినిపించేలా పెట్టాను. ఇప్పుడు హెడ్‌ఫోన్ కుడిదీ ఎడమదీ తిప్పానంతే."

ఆవిడ చెయ్యి కుడి చెవి మీదికి పోయింది. ఈ మధ్య కుడివైపు పల్చగా వినిపిస్తుంటే హెడ్‌ఫోన్ పాడైందని కొత్తది కొన్నది. అదీ అలాగే ఉంటే ఈ కాలపు రికార్డింగులే ఇంత అని తిట్టిపోసింది. చెవి మీద మాత్రం అనుమానం రాలేదు. పోయిన నెల ఎవరో కొత్త అమ్మాయి ఆల్బమ్‌ని 'తోడు లేని పాట' అని ఎగతాళి చేసింది. ఆ తోడు కుడివైపున పాడుతూనే ఉందేమో. తల కొట్టేసినట్టయింది.

పావుగంట మిగిలింది. పోట్లాటకొచ్చినవాడే బతిమాలడం మొదలుపెట్టాడు. నా ఆల్బమ్ ఊసే ఎత్తకు, చెవి సంగతి బయటపెట్టకు, రేపే డాక్టరుకు చూపిద్దాం అన్నాడు. వినే చెవే సరిగా లేదని తెలిస్తే ఆ పేజీ ఆవిడకు ఎవరిస్తారు? ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ఆ పేజీ తప్ప ఆవిడకు వేరే లోకం లేదు.

తిప్పిన హెడ్‌ఫోన్‌తోనే మూడు పాటలు అక్కడక్కడా విన్నది. తర్వాత దాన్ని తీసి పక్కన పెట్టి, పేజీ ప్రూఫు మీద పెన్నుతో నాలుగు ఆల్బమ్‌ల మీదా రాసిందంతా కొట్టేసి కింద రాసింది: "నా కుడి చెవి పనిచేయడం లేదు. ఎన్నాళ్లుగానో నాకే తెలియదు. వయొలిన్ ఉంది, నేనే వినలేకపోయాను. ఈ మధ్య నేను బోలుగా ఉన్నాయన్న ఆల్బమ్‌లన్నీ దయచేసి మీరే మళ్లీ వినండి."

తమ్ముడు తల పట్టుకున్నాడు. "నీ పేజీ పోతుందక్కా."

"పోనీ." పెన్ను మూత పెట్టబోయి ఆగింది. "మూడో పాటలో మాత్రం వయొలిన్ శ్రుతి తగ్గింది. అదీ రాస్తున్నాను."

నిజమే, తగ్గింది. అతనికీ తెలుసు, ఎవరూ పట్టుకోరులే అని వదిలేశాడు. నవ్వబోతే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రాయక్కా," అన్నాడు మెల్లగా. ఆవిడకు వినిపించలేదు. కుర్చీ లాక్కుని ఎడమవైపుకు వచ్చి కూర్చుని, మళ్లీ అన్నాడు.