ఉత్త ఎంటర్

విష్ణువర్ధన్ మళ్లీ ఎంటర్ నొక్కాడు. ఏమీ రాయకుండా, ఉత్త ఎంటర్. నల్లటి తెర మీద తెల్లటి గీత ఒక వరస కిందికి దిగి మళ్లీ మిణుకుమంది.

ఇంద్రాణి గది వాకిట్లో నిలబడి చూస్తోంది. అట్లా ఎందుకు నొక్కుతావని పెళ్లయిన కొత్తలో అడిగింది. కొండ మీద కరెంటు తీసే ఒక్కో గాలిమరలో ఒక్కో కంప్యూటరు పెట్టె ఉంటుందట. ఇక్కడ కూర్చుని దాని అడ్రసు, తన పేరు, పాస్‌వర్డ్ కొడితే లోపలికి రానిస్తుంది, చెప్పిన మాట వింటుంది. కాసేపు ఏమీ కొట్టకపోతే మాత్రం మనిషి లేడనుకుని బయటికి నెట్టేస్తుంది. మళ్లీ మొదటినుంచీ పేరూ ఊరూ చెప్పుకోవాలి. ఆ పాటి శ్రమ కూడా పడలేక ఉండుండి ఒక ఎంటర్ కొడుతుంటాడు.

“నేనీడే ఉండానని దానికి తెలిస్తే చాలు” అన్నాడు ఆనాడు, పెద్ద రహస్యం చెప్పినట్టు.

తనకూ అంతే ఇస్తున్నాడని ఇంద్రాణికి తర్వాత తెలిసింది. ఏం చెప్పినా “ఊ” అంటాడు. బోరు ఎండిందంటే ఊ. కడుపు నిలవలేదని ఆస్పత్రి నుంచి ఫోన్ చేస్తే, దానికీ ఊ.

“ఇదో, మధ్యాన్నం బస్సుకు పోవల్ల. వస్తావా, రావా?”

“ఊ.”

“ఊ అంటే?”

“చూస్తాంలే.”

చిలమత్తూరు పక్కన బట్టల ఫ్యాక్టరీలో ఆమెకు సూపర్‌వైజర్ పని వచ్చింది. రేపు చేరాలి. రెండు గదులు అద్దెకు మాట్లాడింది. నెట్ బాగా వస్తుందా అని ఇంటివాళ్లను ఒకటికి రెండుసార్లు అడిగింది కూడా, ఇతని కోసమే. ఇతని ఉద్యోగమంతా ఒళ్లో పట్టే లాప్‌టాప్. ఇక్కడ కొత్తచెరువులో కొట్టినా అక్కడ చిలమత్తూరులో కొట్టినా కొండ మీది మరకు తెలిసేదేమీ లేదు. అయినా ఈ మాట ఎత్తినప్పుడల్లా ఒకటే జవాబు: “నా మరలు వదిలిపెట్టి యాడికొస్తా?”

నా మరలట!

ఆమె అతన్ని చూసింది. బొడ్డు పైకి ఎగజరిగిన బనియను. అరిగి పల్చబడిన దిండు మీద కూలబడిన నడుము. టైపు చేసేది రెండు వేళ్లే, మిగతా ఎనిమిదీ చుట్టాల్లా చూస్తుంటాయి. వాళ్ల తాత మంచం దిగకుండా పొలంలో కూలోళ్లను కేకలేసేవాడని ఈ ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. పొలం బోర్ల ఖర్చుకే పోయింది. కేకలు మాత్రం మనవడికి వచ్చాయి. డిప్లొమా సగంలో ఆగిపోతే, రాజకీయాల్లో తిరిగే మేనమామ ఎవరినో పట్టుకుని ఈ కుర్చీలో కూర్చోబెట్టాడు. కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు.

ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాడు. కొండ మీద మరలెక్కే ఓబులేష్.

“అన్నా, మూడోది నిలబడిపోయింది. రీసెట్ కొట్టు.”

“ఏమప్పా, నువ్వు కొట్టమంటే కొట్టల్లనా? పైకెక్కి చూసినావా?”

“ఎక్కినా, దిగినా. నీ మీట ఒగటే తక్కువ.”

“కోతి మాదిరి ఎక్కితే కాదు ఓబులేషూ. బుర్ర ఉండల్ల.”

“ఉండల్లన్నా, ఉండల్ల. ఒగసారి ఈడికి రాగూడదా? నీ మర ఎట్లుంటాదో చూసిపోదువు. పక్కన నిలబెట్టి ఫొటో తీస్తా.”

అవతల ఇంకెవరో కూడా నవ్వారు. విష్ణువర్ధన్ ఫోన్ పెట్టేసి, రెండు వేళ్లతో ఒక మాట కొట్టి, చెయ్యి బాగా పైకెత్తి ఎంటర్ వేశాడు. మరను భుజాన మోసి నిలబెట్టినవాడిలా వెనక్కి వాలాడు.

“చూస్తివా? నేను లేకుంటే పొద్దుగూకేదాకా అట్లే నిలబడుండేది.”

“గాలి కూడా నువ్వే ఇడుస్తాండావా?”

“నీకేం తెలుస్తాది. కాజాలు కుట్టేదానికి అంత దూరం ఉరికేదానివి.”

ఇంద్రాణి స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. గొంతు పెంచలేదు.

“అది మూసి నా మొగం చూడు. రాననే చెప్పు, నేనేమీ అనను. ఒగ మాట మాత్రం నీ నోటితో చెప్పు.”

అతను నోరు తెరిచాడు. అతని చూపు పక్కకు జారి తెర మీద పడింది.

“ఉండు, ఇది బయటికి నెడ్తాది” అని ఎంటర్ నొక్కాడు.

ఆమెకు కోపం రాలేదు. కూరలో పురుగు కనబడితే కంచం పక్కకు జరిపినట్టు లేచింది.

ఆటో గంగప్ప వచ్చి ఆమె కుట్టుమిషన్‌ను ఈడ్చి, భుజానికెత్తుకున్నాడు. “అమ్మా, సారు రావడంలేదా?”

“సారుకు పనుండాది.”

“ఇంట్లో కూర్చున్న సారుకు ఏం పనమ్మా?”

“ఈడే ఉండానని చెప్పే పని.”

ఆమె సంచీ తీసుకుని గడప దగ్గర ఆగింది.

“పోతాండా.”

“ఊ.”

ఆటోలో కూర్చున్నాక వెనక్కి చూసింది. తెరిచిన తలుపులోంచి అతని వీపు కనబడుతోంది, దాని ముందు నల్లటి వెలుగు. మిషన్ ఈడ్చినప్పుడు జారిపడిందేమో, గడప దగ్గర్నుంచి గచ్చు మీద ఎర్రదారం గీతలా సాగి ఉంది. దాని కొసన, అతని కుర్చీ కాలికి ఆనుకుని, సగం దారం విడిపోయిన బాబిన్.