వంతెనకు ఒక్క అంకె

ఏటి గట్టున వంతెన కోసం నేలలోకి దింపిన కాంక్రీటు స్తంభాన్ని, పైలును, జాకీతో పక్కకు నెడుతున్నాను. పైలు కదలడం లేదు. అవతలి ఒడ్డున మా పేట కదులుతోంది. నేను ఒక్కసారి జాకీ పంపు కొడితే నూకరత్నం పిన్ని ఇల్లు వేలెడంత సముద్రం వైపు జరుగుతోంది.

"నెమ్మదిగా తొయ్యవే! పొయ్యి మీద పులుసుడుకుతుంది" అని పిన్ని కేకేస్తోంది.

ఇక్కడ బంకమట్టి చాలా మెత్తన. వరద వంతెనను పక్కకు తోస్తే, ఈ మట్టి పైలును ఎంత పట్టుకుంటుందో నేను చెప్పాలి. పేటలో ఇంజనీరింగు చదివింది నేనొక్కదాన్నే. మట్టి నా మాట వింటుందని అందరి నమ్మకం.

పరీక్షకని గొట్టంతో పైకి తీసిన మట్టిముద్ద ఆఫీసు కుర్చీలో కూర్చుని ఉంది. నేను నిలబడే అడుగుతున్నాను.

"మీరు ఎంత గట్టివారండీ?"

"మా చోట గట్టిగానే ఉంటానమ్మా. ఇంత దూరం కుదిపి తెచ్చారు కదా, ఒళ్లు వదులైపోయింది."

ఆ మాట నాకు తెలుసు. ఊరు దాటి మొదటి ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు నా గొంతూ ఇలాగే వదులైపోయింది.

ఫోనులోంచి పెద్ద ఇంజనీరుగారు తల బయటికి పెడతారు.

"ఒక్క అంకె చెప్పమ్మా. పైలు ఎంత జరుగుతుంది?"

"రెండు వేళ్ల నుంచి జానెడు దాకా జరగొచ్చండి."

"అది అంకె కాదు కదమ్మా."

"అంతకంటే కచ్చితంగా చెబితే అబద్ధమవుతుందండి."

తక్కువ చెబితే, వరదకు వంతెన కూలేటప్పుడు దాని మీద పిన్ని ఉంటుంది. ఎక్కువ చెబితే ఖర్చుకు జడిసి వంతెనే కట్టరు. పురుటి నొప్పులొచ్చినా పడవ కోసం చూడాల్సిందే.

"సరే, అన్ని అంకెలకూ కట్టిద్దాం" అని ఆయన తల ఫోనులోకి తీసుకుంటారు.

వంతెనలు నిలబడి ఉన్నాయి. రెండు వేళ్ల దగ్గర ఒకటి, జానెడు దగ్గర ఒకటి, నడుమ చీర కుచ్చిళ్లలా బోలెడు. వరద వచ్చేసింది.

"దేని మీద రమ్మంటావే?"

"అన్నిటి మీదా రా పిన్నీ."

ఒక్కో వంతెన మీద ఒక్కో పిన్ని బయలుదేరుతోంది. పక్కపక్క పిన్నులు చేతులు పట్టుకుంటున్నారు.

నేను పైలులా నడుము లోతు బంకమట్టిలో ఉన్నాను. వంతెనలన్నీ నా భుజాల మీదే ఉన్నాయి. ఏరు నన్ను పక్కకు తోస్తోంది. కింద మట్టి నా మడమలు పట్టుకుని అడుగుతోంది:

"ఎందాకా పట్టుకోమంటారండీ?"

"ఆఖరి పిన్ని దిగేదాకా" అంటున్నాను.

అవతలి ఒడ్డున పిన్నులు ఇంకా పుడుతూనే ఉన్నారు.